కిటికీ కింద పూలతోట

మా అమ్మాయి గది కిటికీ పెరటి వైపు ఉంటుంది. తోట ఆ కిటికీ కిందే వేయాలని నేను పట్టుబట్టడానికి కారణం అదొక్కటే. అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ పడదని మా ఆయన అన్నారు. నీళ్ల పైపు అంత దూరం రాదని కూడా అన్నారు. రెండూ నిజమే. అయినా అక్కడే తవ్వాం.

మేముండే కమ్మింగ్ ఊళ్లో నేల తవ్వడమంటే ఏమిటో తవ్వినవాళ్లకే తెలుస్తుంది. పైన పచ్చగా, మెత్తగా గడ్డి పరిచి ఉంటుంది. దాన్ని ఒలిచేస్తే కింద ఎర్రమట్టి. తడిస్తే చెప్పులకి అంటుకుని వదలదు, ఎండితే పార దిగదు. మా ఆయన ఒక శనివారం పొద్దున్న మొదలుపెట్టి, భోజనాల వేళకి నడుం పట్టుకుని పెరట్లోకి దిగే చెక్క డెక్ మెట్ల మీద కూలబడ్డారు. అప్పుడు పార నేను అందుకున్నాను. కోపం వస్తే నేను బాగా పని చేస్తాను. ఆ రోజుల్లో నాకు అందరి మీదా కోపంగానే ఉండేది.

ఆ ఏడు ఏప్రిల్‌లో వారం సెలవులు, స్ప్రింగ్ బ్రేక్, అయిపోయాక మా అమ్మాయి బడికి వెళ్లలేదు. టెన్త్ గ్రేడ్ చదువుతోంది అప్పుడు. మొదట తలనొప్పి అంది. తర్వాత కడుపునొప్పి అంది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. గది తలుపు వేసుకుంది. గడియ పెట్టుకునేది కాదు, తోస్తే తెరుచుకునేది. కానీ తోసుకుని లోపలికి వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల వీపు చూస్తూ ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దానికొక పేరు చెప్పారు. పేరు తెలిసినంత మాత్రాన మాకు ఒరిగిందేమీ లేదు. బడివాళ్లు మిగిలిన నెలన్నర ఇంటి నుంచే పూర్తి చేయనిచ్చారు. ఆగస్టులో మళ్లీ బడి తెరిచేసరికి పిల్ల ఆ గదిలోంచి బయటికి రావాలి. మా ఇంట్లో ఇంకే సంగతీ లేదు అప్పుడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎక్కడో తప్పుందంటే అది దొరికేదాకా వదలని రకం. ఎవరైనా ఏమైనా అన్నారా, బడిలో ఏడిపించారా, మేం మార్కుల గురించి ఎక్కువగా నస పెట్టామా, నేను ఆఫీసు పనిలో పడి చూసుకోలేదా. అన్నీ తిరగేసి చూశాను. దొరకలేదు. దాన్నే అడిగితే, "తెలీదు అమ్మా, ప్లీజ్," అనేది. ఆ ప్లీజ్ విన్నాక ఇంకో ప్రశ్న అడగడానికి నోరు వచ్చేది కాదు.

డాక్టర్ కుదిర్చిన కౌన్సెలర్ ఒకామె మాతో వీడియోలో మాట్లాడేది, మంచి మనిషి. పిల్లకి కాస్త స్పేస్ ఇవ్వండి అంది. నాలుగు పడకగదుల ఇంట్లో ఉన్నది ముగ్గురం, ఇంకెంత స్పేస్ అని మనసులో అనుకున్నాను. బలవంతం చేయకండి, కానీ పిలవడం మానకండి అని కూడా అంది. బలవంతం లేకుండా పిలవడం ఎలాగో మాత్రం చెప్పలేదు. అన్నానికి రా అని ఒక్కసారి పిలిచి ఊరుకున్న తల్లిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తోట ఆలోచన నాదే. పిల్ల చిన్నప్పుడు ఒకసారి సీతాకోకచిలుకల్ని పెంచే గాజు ఇంటికి తీసుకెళ్లాం. ఒక్క క్షణం కుదురుగా నిలబడని పిల్ల. నారింజ రంగుది ఒకటి వచ్చి భుజం మీద వాలితే, ఊపిరి బిగబట్టి అలాగే నిలబడిపోయింది. అది ఎగిరిపోయాక కూడా చాలాసేపు కదల్లేదు. ఆ సంగతి గుర్తొచ్చింది నాకు. తను బయటికి రాకపోతే, బయట ఉన్నదాన్నే తన కిటికీ దగ్గరికి తేవచ్చు కదా అనుకున్నాను. సీతాకోకచిలుకలు వస్తాయి, తేనె తాగే బుల్లి పిట్టలు హమ్మింగ్ బర్డ్‌లు వస్తాయి, పిల్ల కిటికీ దగ్గరికి వస్తుంది, కిటికీ దాకా వచ్చిన పిల్ల మెట్లు దిగి వస్తుంది. నా లెక్క అది.

నర్సరీలో పనిచేసే అమ్మాయి సీతాకోకచిలుకలకి ఇష్టమైన పూలంటూ సాల్వియా, కోన్‌ఫ్లవర్, జినియా చూపించింది. అవి కొన్నాను. కొని ఊరుకుంటే సరిపోయేది. చేయి ఊరుకోలేదు. ముద్దబంతి కనిపించింది, తీసుకున్నాను. చామంతి కనిపించింది, తీసుకున్నాను. ఎర్ర మందారం చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి అన్నీ పాతాక చూస్తే అది సీతాకోకచిలుకల తోటలా లేదు, పూజకి పూలు కోసుకునే తోటలా ఉంది.

నిజంగా అలాగే వాడాను కూడా. పూలున్న చోట పొద్దున్నే సజ్జ పట్టుకుని వెళ్లడం నాకు చిన్నప్పటి అలవాటు. చెట్టున పూసింది దేవుడి ముందుకే అన్నట్టు పెరిగినదాన్ని. స్నానం చేసి, ఆఫీసు కాల్స్ మొదలవకముందే వెళ్లి, విచ్చినవన్నీ కోసుకొచ్చి పటాల ముందు పెట్టేదాన్ని. దీన్ని ఎలాగైనా దాటించమని దేవుణ్ణి అడిగేదాన్ని. తర్వాత లాప్‌టాప్ పట్టుకుని డెక్ మీద కూర్చుని, సీతాకోకచిలుకలు ఎందుకు రావడం లేదా అని కళ్లల్లో వత్తులు వేసుకుని చూసేదాన్ని. పూలు కోసింది నేనేనని నాకు తట్టనే లేదు.

హమ్మింగ్ బర్డ్‌ల కోసం ఎర్ర మూత ఉన్న గాజు బుడ్డి ఒకటి కొని కొక్కేనికి వేలాడదీశాం. అందులో పంచదార నీళ్లు కాచి పోయాలి. పొయ్యి మీద పంచదార కరుగుతుంటే చేయి దానంతటదే ఏలకుల డబ్బా మీదకి వెళ్లింది. ఆపుకున్నాను. పిట్టలు రాలేదు కానీ చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి. మందారం మొగ్గల్ని జింకలు తినేశాయి. మూడిళ్ల అవతల, ఎవరూ పట్టించుకోని ఒక పొద మీద మాత్రం సీతాకోకచిలుకలు ఎప్పుడు చూసినా ఎగురుతూనే ఉండేవి. వాకింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఆ పొదని చూసి కడుపు రగిలిపోయేది.

జూన్‌లో ఒక పొద్దున్న సజ్జ పట్టుకుని జినియాలు కోస్తుంటే పైనుంచి మాట వినిపించింది.

"అమ్మా."

తలెత్తాను. కిటికీ జాలీ వెనక పిల్ల ముఖం. ఎన్నాళ్లకో తనంతట తనే పిలిచింది.

"నువ్వే అన్ని ఫ్లవర్స్ కట్ చేసేస్తున్నావు," అంది. "బటర్‌ఫ్లైస్ ఏం తింటాయి?"

"అయ్యో, అవును కదా తల్లీ," అన్నాను. "నువ్వు రోజూ చూస్తున్నావా?"

అంతే. పిల్ల వెనక్కి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. అయినా చూస్తోందన్న సంగతి తెలిసింది, అది చాలు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దేవుడికి అక్షింతలే. పూలు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

పూలు విరగబూశాయి. తేనెటీగలు వచ్చాయి. పసుపు రంగు చిన్న సీతాకోకచిలుకలు రెండో మూడో వచ్చి, ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయేవి. హమ్మింగ్ బర్డ్ జాడే లేదు. కిటికీ తెర కొన్నిసార్లు కాస్త పక్కకి జరిగి ఉండేది, చాలాసార్లు మూసే ఉండేది. నేను కింద నుంచి ఆ తెరనే చూస్తూ కూర్చునేదాన్ని. ఈ వయసులో నాకు వచ్చిన కొత్త ఉద్యోగం అది.

ఇప్పుడు కరివేపాకు కుండీ గురించి చెప్పాలి. మా కాలనీలోనే ఉండే ఒక స్నేహితురాలు, నాకంటే చిన్నది, ఎప్పుడో ఒక పిలక ఇచ్చింది. దాన్ని బతికించడానికి మేం పడ్డ పాట్లు ఇంకే మొక్కకీ పడలేదు. చలి మొదలవగానే లోపలికి మోసేవాళ్లం. కిటికీ పక్కన పెట్టి, ఎండ చాలదని పైన దీపం పెట్టేవాళ్లం. స్ప్రింగ్‌లో మళ్లీ డెక్ మీదకి. మా ఆయన దాన్ని రెండో కూతురు అనేవారు. ఆ వేసవికి అది నా భుజం దాకా పెరిగింది. మొక్క పిలక ఇచ్చినావిడే తన మొక్క చలికి చచ్చిపోయాక మా ఇంటికి రెబ్బల కోసం వచ్చేది.

జూలైలో ఒక రోజు పోపులోకి రెబ్బ తుంచడానికి వెళ్తే ఆకుల మీద పిట్ట రెట్టలు కనిపించాయి. తడిబట్ట తెచ్చి తుడవబోయాను. రెట్ట కదిలింది. కెవ్వుమన్నాను. దగ్గరికి వంగి చూస్తే పురుగు. గోధుమరంగు, మధ్యలో తెల్లటి మచ్చ, అచ్చం రెట్టే. అలాంటివి ఇంకా ఉన్నాయి. పైకొమ్మల్లో చాలా రెబ్బలకి ఈనెలు మాత్రమే మిగిలాయి. నా ఒళ్లు మండిపోయింది. సీతాకోకచిలుకలు రండి బాబూ అని పూలు పరిస్తే రాలేదు, పిలవని పురుగులు వచ్చి బిడ్డలా పెంచుకున్న మొక్కని తినేస్తున్నాయి. వంటింట్లోంచి పట్టకారు, సబ్బునీళ్ల గిన్నె తెచ్చాను. ఒకదాన్ని పట్టకారుతో తాకానో లేదో, దాని తలలోంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. కుళ్లిన వాసన. మళ్లీ కెవ్వుమన్నాను.

"డోంట్. అమ్మా, డోంట్. ఆపు."

డెక్ తలుపు దగ్గర పిల్ల. పైజమాలో, జడ లేకుండా, చెప్పులు లేకుండా. మెట్లు దిగి, హాలు దాటి, వంటిల్లు దాటి వచ్చింది. నా చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది.

"అది స్వాలోటెయిల్," అంది. "జెయింట్ స్వాలోటెయిల్. నేను విండోలోంచి చూశాను, పెద్ద బ్లాక్ బటర్‌ఫ్లై వచ్చి ఇక్కడ ఎగ్స్ పెట్టింది. కరివేపాకు వాటి ఫుడ్. లెమన్, ఇదీ సేమ్ ఫ్యామిలీ. ఆ రెడ్ హార్న్స్ అది స్కేర్ అయినప్పుడు వస్తాయి. నువ్వు దాన్ని స్కేర్ చేశావు."

ఒక్క గుక్కలో పిల్ల నాతో అన్ని మాటలు మాట్లాడి ఎన్ని నెలలైందో. సబ్బునీళ్లు డెక్ పక్కన పారబోశాను.

ఆ తర్వాతి రోజులు నా జీవితంలో మంచి రోజులు. రోజూ మధ్యాహ్నం పిల్ల కిందికి వచ్చేది. కుండీ పక్కన నేల మీద కూర్చుని పురుగుల్ని చూసేది. నేను అలికిడి కాకుండా వంటింట్లో తిరిగేదాన్ని. ఒక రోజు పెరుగన్నం గిన్నె ఏమీ అనకుండా పక్కన పెట్టి వచ్చాను, తినేసింది. ఇంకో రోజు తనే అడిగింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, డెక్ మీద పిల్లని చూసి, గరాజ్ తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"దగ్గరికి వెళ్లొద్దు, బెదిరిపోతుంది," అన్నాను గుసగుసగా.

"ఎవరు, పురుగా?" అన్నారు.

"ఎవరో ఒకరు."

కరివేపాకు మొక్క మాత్రం నా కళ్ల ముందే కరిగిపోయింది. పురుగులు రాత్రీ పగలూ నమిలాయి. రెబ్బలు పోయాయి, చిగుళ్లు పోయాయి. ఎక్కువ భాగం పుల్లలే మిగిలాయి. నేను చూస్తూ ఊరుకున్నాను. చారులోకి కరివేపాకు ఇండియన్ స్టోర్‌లో కొన్నాను, అదీ వాడిపోయినది. కానివ్వండి, తినండి, పిల్ల కిందికి వస్తున్నంతకాలం మొదలంటా తినేయండి అనుకున్నాను. అప్పుడే ఆగస్టు గురించి ఆశపడటం మొదలుపెట్టాను. బడికి కొత్త బ్యాగు చూడనా అని కౌన్సెలర్‌ని అడిగితే, తొందరపడొద్దు అంది. నేను చూసి పెట్టాను.

అలాంటి సమయంలో నా స్నేహితురాలు ఫోన్ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను, స్పీకర్‌లో పెట్టి గిన్నెలు సర్దుతున్నాను.

"అక్కా, రేపు పులిహోర చేయాలి, గుప్పెడు కరివేపాకు కావాలి. వచ్చి తీసుకోనా?"

"ఎక్కడిదే? పురుగు పట్టేసింది. పుల్లలు మిగిలాయి."

"అయ్యో. వేపనూనె కొట్టకపోయావా?"

పిల్ల వాటి కోసమే కిందికి వస్తోంది, అందుకే కొట్టలేదని చెప్పాలి. అలా చెబితే పిల్ల కిందికి రాకపోవడం ఏమిటి అని అడుగుతుంది. అప్పటికి నాలుగు నెలలుగా అందరికీ ఒకటే చెబుతున్నాను, కాలేజీ సీటు కోసం రాసే ఎస్ఏటీ పరీక్షకి క్లాసులు, క్షణం తీరిక లేదు అని. అందుకే నోటికొచ్చింది అన్నాను.

"కొడతాలే. ఒకరోజు కూర్చుని అన్నీ దులిపి పారేస్తాను, పీడా వదిలిపోతుంది."

"అమ్మాయి ఎలా ఉంది? అసలు కనిపించడమే మానేసింది."

"దానికేం, ఎస్ఏటీ గొడవలో ఉంది."

ఫోన్ పెట్టేసి గిన్నెలు సర్దడం పూర్తి చేశాను. అంతకుమించి దాని గురించి ఆలోచించలేదు.

బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. పొద్దున్న ఎప్పటిలాగే కుండీకి నీళ్లు పోశాను. అప్పటికి పురుగులు వేలంత పెరిగాయి, పుల్లలకి అతుక్కుని ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో చూడలేదు. లోపలికి వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను. అది అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. వంటింట్లోకి వస్తే డెక్ మీద పిల్ల నిలబడి ఉంది. కూర్చోలేదు. కుండీ చుట్టూ తిరుగుతోంది, వంగి కింద చూస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఎక్కడ అవి?"

వెళ్లి చూశాను. మొక్క మీద ఒక్క పురుగు లేదు. ఆకుల కింద, మట్టిలో, కుండీ వెనక, ఎక్కడా లేవు.

"నువ్వు వాటిని త్రో చేశావా?"

"నేనా? లేదురా. పొద్దున్న నీళ్లు పోశాను, అంతే. పిట్టలు తినేశాయేమో."

"అన్నీనా? వన్ మార్నింగ్‌లో?"

"ఏమో తల్లీ. నేను ముట్టుకోలేదు. ఒట్టు."

"నువ్వు ఆంటీతో చెప్పావు. అన్నీ దులిపి పారేస్తాను అని. నేను స్టెయిర్స్ మీద ఉన్నాను, విన్నాను."

"అది ఊరికే అన్నాను. ఆంటీకి ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఎస్ఏటీ అని కూడా చెప్పావు."

పిల్ల గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నా గురించి అందరికీ లై చెప్తావు," అంది. "నాకు చెప్పేది లై కాదని నాకెలా తెలుస్తుంది?"

లోపలికి వెళ్లిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, దాని వెంటే గడియ పడిన చప్పుడు. గడియ పెట్టుకోవడం అదే మొదటిసారి.

చేయని పనికి సాక్ష్యం ఎక్కడి నుంచి తేను? డెక్ పలకల సందుల్లో టార్చి వేసి చూశాను. చెత్తబుట్ట బోర్లించి, ఇదిగో ఇందులో లేవు చూడు అని పిల్లకి చూపిద్దామా అని కూడా అనుకున్నాను. చెత్తబుట్టలో లేకపోతే బయట పారేశానంటుంది. సాయంత్రం మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "మీ అమ్మ పారేయలేదురా, నేను చెబుతున్నా కదా," అన్నారు. ఆయన కిందికి వచ్చి నా వైపు చూసి, "నిజంగా పారేయలేదు కదా?" అని అడిగారు. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు.

బడి తెరిచిన రోజు పసుపు బస్సు మా సందు చివర ఆగింది. కొత్త బూట్లు వేసుకున్న పిల్లలు ఎక్కారు. డ్రైవర్ మా ఇంటి వైపు ఒకసారి చూసి, తలుపు మూసుకుని వెళ్లిపోయాడు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. పిల్ల కోసం పెందలాడే లేచి చేసిన ఇడ్లీలు చల్లారిపోయాయి. సోఫాలో కూర్చుని ఏడ్చాను, గట్టిగా కాదు. కొత్త బ్యాగు కోట్లు తగిలించే అరలో అడుగున దాచేశాను.

పది దాటాక కాలింగ్ బెల్ మోగింది. నా స్నేహితురాలు. పట్టుచీర కట్టుకుని, చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. శ్రావణ శుక్రవారం వాళ్లింట్లో వరలక్ష్మీ వ్రతం. బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది. ఫోన్‌లో చెబితే సరిపోయే ఊళ్లో ఉండి కూడా ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తుంది ఆవిడ. ఆ పట్టుదల నాకు ఎప్పుడూ ఇష్టమే. ఆ రోజు మాత్రం ఆవిణ్ణి చూసి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"శుక్రవారం సాయంత్రం తప్పకుండా రావాలి అక్కా. అమ్మాయిని కూడా తీసుకురా. లంగా ఓణీ వేయి, ఎప్పుడు చూశానో ఏమో దాన్ని." హాల్లోకి వచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. "బడి నుంచి వచ్చాక చెప్పు, సాయంత్రం మళ్లీ వచ్చి దానికి కూడా బొట్టు పెట్టి వెళ్తాను."

సాయంత్రం క్లాసు ఉందనొచ్చు. డాన్సు అనొచ్చు. ఒంట్లో బాగాలేదు అనొచ్చు. అన్నీ నాలుక చివరికి వచ్చాయి. పిల్ల వినాలని ఆలోచించి మాట్లాడానని చెప్పను. ఇంకొక అబద్ధానికి నాలో ఓపిక లేదు, అంతే.

"అది బడికి వెళ్లలేదు," అన్నాను. "ఇంట్లోనే ఉంది. ఏప్రిల్ నుంచి గది దాటి సరిగ్గా బయటికి రావడం లేదు. ఎస్ఏటీ లేదు, ఏమీ లేదు. నీకు అబద్ధం చెప్పాను. ఎందుకు రావడం లేదో నాకు తెలియదు. దానికీ తెలియదేమో. మధ్యలో కొన్నాళ్లు ఆ పురుగుల్ని చూడటానికి వచ్చేది. అందుకే నేను మందు కొట్టలేదు. ఇప్పుడవి కూడా లేవు."

ఆవిడ చేతిలో భరిణె మూత తెరిచే ఉంది. దాన్ని మూసి మెట్ల వైపు చూసింది.

"నేను పైకి వెళ్లి ఒకసారి మాట్లాడనా?"

"వద్దు."

"పోనీ ఎవరికైనా చూపించారా?"

"చూపించాం."

"మరి ఇప్పుడేం చేద్దాం అక్కా?"

"నాకు తెలియదు," అన్నాను.

ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. ఆవిడ నా చేయి పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని, రాగలిగితే రండి అని చెప్పి వెళ్లిపోయింది. తలుపు వేసి వెనక్కి తిరిగాను.

మెట్ల పైన పిల్ల నిలబడి ఉంది. రెయిలింగ్ పట్టుకుని ఉంది, జుట్టు ముఖం మీద పడుతోంది.

"ఆంటీ వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది."

రెయిలింగ్ మీద గోటితో గీస్తూ నిలబడింది కాసేపు.

"నువ్వు త్రో చేయలేదు," అంది. "నేను రీడ్ చేశాను. అవి పెద్దగా అయ్యాక వాటంతట అవే వెళ్లిపోతాయి. ప్లాంట్ దిగి చాలా దూరం వాక్ చేస్తాయి. ఎవరికీ కనిపించని ప్లేస్ వెతుక్కుని అక్కడ ప్యూపా అవుతాయి. పుల్లలా ఉంటాయి, చూసినా తెలీదు."

"ఎప్పుడు చదివావు?"

"మొన్న. నీకు చెప్పాలనిపించలేదు. సారీ."

నాకు కోపం రావాలి. మొన్నటి నుంచి నేను పడ్డ నరకం దీనికి తెలుసా అనిపించాలి. ఏదీ రాలేదు. పిల్ల తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడి ఉంది, అదే చూస్తున్నాను.

"ఎక్కడున్నాయో వెతుకుదామా? ఇద్దరం కలిసి?" అన్నాను.

"వద్దు అమ్మా. వాటిని వెతకకూడదు. టచ్ చేస్తే పాడైపోతాయి."

"మరి నేనేం చేయాలి?"

పిల్ల ఆలోచించింది. "ఏమీ లేదు. నాన్నని డెక్ వాష్ చేయొద్దని చెప్పు."

"ఎన్నాళ్లు?"

"తెలీదు. కొన్ని టూ వీక్స్‌లో వస్తాయి. కొన్ని వింటర్ అంతా అలానే ఉంటాయట."

సారీ చెప్పింది కాబట్టి కిందికి వస్తుందనుకున్నాను. నా కళ్లు అప్పటికే ఇడ్లీ గిన్నె వైపు వెళ్లాయి. పిల్ల తల ఊపి, వెనక్కి తిరిగి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇడ్లీ వేడి చేసి, పళ్లెంలో పెట్టుకుని మెట్లెక్కాను. తలుపు ముందు నిలబడి, కొట్టడానికి చేయి ఎత్తాను. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు కొట్టానో, ప్రతిసారీ లోపల ఆ పిల్ల ఎలా ముడుచుకుపోయి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. చేయి దించేశాను. వెనక్కి వెళ్లడానికి మాత్రం కాళ్లు రాలేదు. పళ్లెం నేల మీద పెట్టి, తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. నాకు ఏ ఉపాయమూ తోచలేదు. వెతకడానికి ఏమీ లేదు, చేయడానికి ఏమీ లేదు. కింద ఎక్కడో నా ఫోన్ మోగి ఆగిపోయింది. కూర్చుని ఉన్నాను.

"అమ్మా?" లోపల్నుంచి.

"ఊఁ."

"అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు."

మంచం కిర్రుమంది. తర్వాత తలుపు అవతల, కింద, నా భుజం ఎత్తులో ఏదో ఆనిన చప్పుడైంది. వీపో, తలో. తలుపు తెరుచుకోలేదు.

"ఓకే," అంది. "ఉండు."